ముప్పై లైఫ్‌లు ఎటు పోయినయ్?

టీవీ గేమ్ కిటుకులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

బతుకమ్మ సెలవులు రాగానే సజ్జ మీది పాత టీవీ గేమ్‌లు కిందికి దిగినట్టున్నాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో కొత్త గేమ్‌ల మాట తక్కువ, క్యాసెట్ల కాలం నాటి కాంట్రా, మేరియో, బాతుల వేట ముచ్చటే ఎక్కువ. కొందరు పాత డబ్బాతోనే ఆడుతున్నారు, కొందరు వందల గేమ్‌లు లోపలే నింపిన కొత్త డబ్బా కొన్నారు, ఇంకొందరు ఫోన్‌లో ఆడుతున్నారు. ఏ కిటుకు దేంట్లో పనికొస్తుందో ఎక్కడికక్కడే చెప్పాం.

"కాంట్రాల పైకి పైకి, కిందికి కిందికి కొడితే ముప్పై లైఫ్‌లు వస్తయని మా బాబాయి చెప్పిండు. కొత్త టీవీ గేమ్‌ల ఇరవై సార్లు కొట్టిన, ఒక్కసారి గూడ వస్తలేదు. కోడ్ తప్పా, నా టీవీ గేమ్ డూప్లికేటా?"
– ఇంటర్ విద్యార్థి, హన్మకొండ

మీ బాబాయి చెప్పింది నిజమే. మీ టీవీ గేమ్ డూప్లికేటే కావచ్చు, మన బజార్లలో అమ్మినవి చాలావరకు జపాన్‌లో నింటెండో కంపెనీ అమ్మిన ఫ్యామికామ్ అనే గేమ్ మిషన్‌కు నకళ్లే. కానీ అందుకని కోడ్ ఆగిపోదు. ఎప్పుడు కొడుతున్నారు, ఏ బటన్‌తో కొడుతున్నారు అన్నది చూడాలి.

పూర్తి వరుస ఇది: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి (B), ఏ (A). ఆ తర్వాత స్టార్ట్. ఇద్దరు ఆడాలంటే ఏ నొక్కాక ఒక్కసారి సెలెక్ట్ కొట్టి గుర్తును ఇద్దరి ఆట మీదికి దించి, అప్పుడు స్టార్ట్. ఇదంతా కాంట్రా పేరు, తుపాకులు పట్టుకున్న ఇద్దరి బొమ్మ కనిపించే మొదటి తెర మీదే జరగాలి. ఆట మొదలైనాక ఎంత కొట్టినా వినేవాడు లేడు. మధ్యలో ఒక్క బటన్ తప్పినా అక్కడే సర్దుకుందామని చూడకండి, రీసెట్ కొట్టి మొదటి నుంచి రండి.

ఇరవై సార్లు కుదరలేదంటే అనుమానం రిమోట్ మీదికే పోతుంది. నకలు రిమోట్లకు కుడి పక్కన రెండు కాదు, నాలుగు బటన్లుంటాయి. అందులో రెండు టర్బోవి. టర్బో బటన్ మీరు ఒక్కసారి నొక్కారనుకుంటారు, గేమ్‌కు మాత్రం "బి, బి, బి, బి" అని చేరుతుంది. వరుస అక్కడే చెడిపోతుంది. ఏది ఏ, ఏది బి అన్నది కూడా రిమోట్ మీది అక్షరం చూసి నమ్మొద్దు. మేరియో పెట్టి చూడండి: నొక్కగానే ఎగిరితే అది ఏ, నడుస్తూ నొక్కి పట్టుకుంటే పరుగెత్తితే అది బి.

అదీ సరిగ్గానే ఉంటే బాణాల బటన్ చూడండి. కింద ఉండే రబ్బరు అరిగితే "పైకి" నొక్కినప్పుడు పక్కనున్న "ఎడమ" కూడా అంటుకుంటుంది. రిమోట్ వెనక స్క్రూలు విప్పితే పచ్చ బోర్డు, దాని మీద నల్ల చుక్కలున్న రబ్బరు కనిపిస్తాయి. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లకు తడిపి బోర్డు మీది నల్ల గీతల్ని, రబ్బరు చుక్కల్ని మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. చుక్కల నలుపు పోయి ఉంటే మెత్తని పెన్సిల్‌తో రుద్దినా కొన్నాళ్లు నడుస్తుంది. కొన్నాళ్లే.

కోడ్ తగిలిందో లేదో పైన ఎడమ మూలన ఉండే పతకాలు లెక్కపెట్టి తెలుసుకోలేరు. అక్కడ ముప్పై పట్టవు, నాలుగు పతకాల దగ్గరే ఆగిపోతుంది. స్టేజీకి ముందు వచ్చే నల్ల తెర మీద "రెస్ట్" అన్న మాట పక్కన పెద్ద అంకె ఉంటే తగిలినట్టే. ఇంకో సంగతి: వందల గేమ్‌ల డబ్బాల్లో ఒకే కాంట్రా నాలుగైదు పేర్లతో ఉంటుంది, కొన్నింటిని ముందే మార్చేసి పెడతారు. ఒకదాంట్లో కోడ్ తగలకపోతే జాబితాలో ఇంకో కాంట్రా వెతికి చూడండి.

ఈ వరుసను పెట్టింది కాంట్రా తయారు చేసిన కోనామీ కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోతో. 1986లో గ్రాడియస్ అనే విమానాల గేమ్‌ను ఫ్యామికామ్‌కు మార్చేటప్పుడు, పరీక్షించడానికి తనకే కష్టమవుతోందని లోపల పెట్టుకున్న దొంగదారి అది. తీసేయడం మరిచిపోయారు, లోకమంతా పాకింది. గ్రాడియస్‌లో మాత్రం మొదటి తెర మీద కాదు, ఆట మధ్యలో పాజ్ చేసి కొట్టాలి. తర్వాత సూపర్ నింటెండో అనే కొత్త మిషన్‌కు వచ్చిన గ్రాడియస్ 3లో పాత అలవాటు కొద్దీ ఇదే వరుస కొడితే మన విమానమే పేలిపోతుంది. తయారు చేసినవాళ్లకూ ఆమాత్రం సరదా ఉంటుంది మరి.

"మా బాబుకు ఎనిమిదేళ్లు. మేరియోల ఐదో వరల్డ్ దాకా పోతడు, లైఫ్‌లు అయిపోంగనే మళ్ల మొదటికి వస్తది. ఏడ్సి రిమోట్ ఇసిరికొడుతుండు. సేవ్ చేసుకునే తీరు లేదా?"
– గృహిణి, కాజీపేట

సేవ్ లేదు గాని, తిరిగి పట్టుకునే దారి ఉంది. గేమ్ ఓవర్ అయ్యాక మొదటి తెర రాగానే ఏ (A) బటన్ నొక్కి పట్టుకుని, వదలకుండా స్టార్ట్ కొట్టించండి. ఏ వరల్డ్‌లో పోయాడో ఆ వరల్డ్ మొదటి స్టేజీ నుంచి మొదలవుతుంది. 5-3లో పోతే 5-1 నుంచి అన్నమాట. మూడు లైఫ్‌లు మళ్లీ కొత్తగా వస్తాయి.

కరెంట్ పోతే మాత్రం ఆ గుర్తు కూడా పోతుంది, అది కాసేపటి మెమరీలోనే ఉంటుంది. చాలా గేమ్‌లున్న డబ్బా అయితే రీసెట్ కూడా ముట్టనివ్వకండి, మెనూలోకి పోయి వచ్చేసరికి గుర్తు చెరిగిపోవచ్చు. ఒకసారి రాకుమారిని విడిపించి ఆట పూర్తి చేస్తే మొదటి తెర మీద బి కొడుతూ ఏ వరల్డ్ కావాలంటే అది ఎంచుకోవచ్చు. అప్పుడు నడిచే పుట్టగొడుగుల జాగాలో నిప్పుకు చావని నల్ల తాబేళ్లు వస్తాయి, ఏడుపు ఇంకొంచెం పెరగొచ్చు.

"3-1 చివర మెట్ల మీద తాబేలును తొక్కుతుంటే లైఫ్‌లు వస్తనే ఉంటయ్ గదా. మా దోస్తు గంటసేపు తొక్కిండు. తర్వాత ఒక్కసారి చచ్చిండు, అంతే, గేమ్ ఓవర్! లైఫ్‌లన్నీ ఎటు పోయినయ్?"
– తొమ్మిదో తరగతి, హుజూరాబాద్

ఎక్కువై పోయాయి. మేరియో లైఫ్‌ల లెక్క ఒక్క బైట్‌లో, అంటే 256 అంకెలే పట్టే చిన్న గడిలో రాసుకుంటుంది. ఆ బైట్‌లో సగం అంకెలు మామూలు లెక్కకు, మిగతా సగం సున్నా కిందికి పోయిందని చెప్పడానికి. మీ దోస్తు 127 దాటించేసరికి గేమ్‌కు అది మైనస్ లెక్కలా కనబడింది. చావగానే "వీడి దగ్గర సున్నా కన్నా తక్కువ ఉన్నాయి" అని ఆట ముగించేసింది.

వందకు అటూ ఇటూ ఆపేయడం మంచిది. కానీ లెక్కపెట్టడం ఎట్లా? స్టేజీకి ముందు నల్ల తెర మీద 9 దాకా మామూలు అంకె, 10 నుంచి ముందు ఒక కిరీటం, దాని పక్కన అంకె. 20 దగ్గర అంకె పోయి ఇంగ్లిష్ అక్షరాలు మొదలవుతాయి. కిరీటం పక్కన ఏ అంటే 20, బి అంటే 21, అట్లా జెడ్ అంటే 45. ఆ పైన ఏవేవో బొమ్మ ముక్కలు. జెడ్ దాకా వస్తే ఏ ఆటకైనా చాలు, అక్కడ ఆపేయండి.

తొక్కే పద్ధతి అందరికీ కుదరదు గనుక చెబుతున్నాం. మెట్ల మీది నుంచి రెండు తాబేళ్లు దిగుతాయి. మొదటిదాన్ని పోనిచ్చి, రెండోది ఇంకా మెట్టు మీద ఉండగానే తొక్కండి. అది డిప్పలోకి ముడుచుకుంటుంది. ఇప్పుడు డిప్ప నడిమధ్యన కాదు, దాని ఎడమ అంచు మీద పడాలి. డిప్ప కుడివైపు కదిలి పై మెట్టుకు తగిలి, తిరిగి మన కాళ్ల కిందికే వస్తుంది. ఇక ఎగిరి పడుతూ ఉండడమే. పాయింట్లు 100, 200, 400 అని పెరిగి 8000 దాటాక పాయింట్లకు బదులు 1అప్ రావడం మొదలవుతుంది. పాట వేగం పెరిగిందంటే టైమ్ వంద కన్నా తగ్గిందని గుర్తు. వెంటనే వదిలి జెండా పట్టుకోండి, లేకుంటే సంపాదించినదాంట్లో ఒకటి టైమ్‌కే పోతుంది.

"మేరియోల మైనస్ వరల్డ్ అని ఒకటుందట. నిజంగ ఉందా? ఉంటే స్టెప్పులు చెప్పండి, అట్లనే అది ఎందుకు వస్తదో గూడ చెప్పండి."
– ఇంజినీరింగ్ విద్యార్థి, కరీంనగర్

ఉంది. ఎవరూ కట్టని వరల్డ్ అది, గేమ్ తనకు తాను పొరబడి చూపించేది.

1-2 చివరికి పెద్ద మేరియోగా రండి. చిన్న మేరియో ఇటుకలు పగలగొట్టలేడు గనుక ఇది తప్పదు. బయటికి తీసుకెళ్లే అడ్డ పైపు పైన కప్పు ఇటుకలు కనిపిస్తాయి. కుడి చివర గోడను ఆనుకుని ఉన్న ఇటుకను ముట్టకుండా, దాని ఎడమ పక్కన రెండు ఇటుకల్ని తలతో గుద్ది పగలగొట్టండి. తర్వాత పైపు ఎక్కి, ఎడమ అంచున, ముఖం ఎడమ వైపు పెట్టి నిలబడండి. కిందికి నొక్కి కూర్చోండి. కూర్చున్నట్టే ఎగరండి, గాల్లో ఉండగా కుడివైపు నొక్కండి. మేరియో వీపు ఆ మిగిలిన ఇటుక మూలకు రాసుకోవాలి.

పదిసార్లలో తొమ్మిదిసార్లు కుదరదు. ఎక్కువమంది చేసే తప్పు ముఖం కుడివైపు పెట్టి ఎగరడం. అప్పుడు గోడ మనల్ని ఎడమకు తోసేస్తుంది. వీపు ముందుగా పోయి, శరీరం కొంచెం ఇటుక లోపల దిగబడితేనే గేమ్ "వీడు గోడలో ఇరుక్కున్నాడు, బయటికి తోయాలి" అనుకుని కుడివైపు తోస్తుంది. మేరియో ఇటుకల గుండా జారుకుంటూ వార్ప్ గదిలోకి, అంటే వరల్డ్‌లు దాటించే పైపులున్న గదిలోకి పోతాడు.

అసలు తొందర ఇక్కడుంది. వార్ప్ జోన్‌కు స్వాగతం అన్న ఇంగ్లిష్ అక్షరాలు తెర మీద పడకముందే మొదటి పైపులోకి దిగిపోవాలి. అక్షరాలు పడ్డాయంటే మామూలు వార్ప్ జోనే, మొదటి పైపు నాలుగో వరల్డ్‌కు పోతుంది.

ఎందుకొస్తుందంటే, మనం సరైన దారిన రాలేదు గనుక ఈ గదిలోని పైపులు ఎటు పోవాలో గేమ్ ఇంకా రాసుకోలేదు. అప్పుడు దాని దగ్గరున్నవి 4-2లోని ఇంకో వార్ప్ గది లెక్కలు: 36, 5, 36. ఆ గదిలో మధ్యన ఒక్క పైపే ఉంటుంది, అది 5కు. పక్కన పైపులే లేవు గనుక అక్కడ "ఖాళీ" అని చూపడానికి 36 పెట్టారు. మనం దొంగగా దూరిన గదిలోనేమో మూడు పైపులున్నాయి. మొదటిదాంట్లో దిగితే గేమ్ మనల్ని 36వ వరల్డ్‌కు తీసుకుపోతుంది.

36 అంటే ఖాళీ ఎట్లా అయింది? మేరియో అక్షరాల పెట్టెలో 0 నుంచి 9 దాకా అంకెలు, 10 నుంచి 35 దాకా ఏ మొదలు జెడ్ వరకు ఇరవై ఆరు అక్షరాలు. ఆ తర్వాతి గడి, 36, ఖాళీ గడి. అందుకే తెర మీద "36-1"కు బదులు ముందు ఏమీ లేకుండా "-1" అని కనిపిస్తుంది. మనమంతా దాన్ని మైనస్ ఒకటి అని చదువుకున్నాం. పై ప్రశ్నలో కిరీటం పక్కన 9 తర్వాత ఏ, బి వచ్చిందీ ఈ పెట్టె వల్లే.

లోపల ఏముంటుందని ఆశపడకండి. 7-2 లాంటి నీళ్ల స్టేజీ. చివరి పైపులో దూరితే మళ్లీ అదే స్టేజీ మొదటికి. లైఫ్‌లు అయిపోయేదాకా ఈదుతూ ఉండాల్సిందే. మధ్య పైపులో దిగినవాళ్లు మాత్రం బుద్ధిగా 5-1కి పోతారు. తర్వాత వచ్చిన సూపర్ మేరియో ఆల్ స్టార్స్‌లో ఈ కన్నం పూడ్చేశారు, అందులో ప్రయత్నించి టైమ్ పాడుచేసుకోకండి.

"పాత గన్ను బాగనే ఉంది, లోపల క్లిక్కుమంటది. కొత్త ఎల్ఈడీ టీవీల బాతుల గేమ్ పెడితే ఒక్క బాతు పడ్తలేదు. గన్ను రిపేర్ చేయించాల్నా?"
– కిరాణా వ్యాపారి, జనగామ

రిపేర్‌కు డబ్బులు పెట్టకండి. గన్ను బాగుంది, టీవీతోనే తేడా.

ఆ గన్ను ఏమీ విసరదు, చూస్తుంది. గొట్టం చివర లోపల వెలుతురు పట్టే చిన్న కన్ను ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం మొత్తం నల్లబడుతుంది. మరుక్షణం బాతు ఉన్న చోట తెల్లని గడి వెలుగుతుంది. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి. నల్లటి క్షణంలో చీకటి, తెల్లటి క్షణంలో వెలుతురు కనిపిస్తే బాతు పడినట్టు. ఏ క్షణంలో వెలుతురు తగిలిందో చూసి ఏ బాతో తేలుస్తుంది. గన్నును లైటు బల్బు వైపు పెట్టి కాల్చే పిల్లల తెలివి అందుకే సాగదు. బల్బు నల్లటి క్షణంలోనూ వెలుగుతూనే ఉంటుంది కదా, దొరికిపోతారు.

పాత డబ్బా టీవీ బొమ్మను వచ్చింది వచ్చినట్టు గీతలు గీతలుగా వేస్తుంది. ఎల్ఈడీ టీవీ ముందు బొమ్మను లోపలికి తీసుకుని, సాపు చేసి, కాసేపాగి చూపిస్తుంది. మన కంటికి తెలియని ఆలస్యమే గాని, గన్ను చూసే క్షణం అప్పటికే దాటిపోతుంది. పైగా గన్ను డబ్బా టీవీ గీతల మినుకుమినుకుకే అలవాటు పడేలా తయారైంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెడితే ఆలస్యం తగ్గుతుంది గాని, ఇది తీరదు.

వరంగల్‌లోనో జనగామలోనో టీవీ మెకానిక్ షాపుల మూలన ఒక డబ్బా టీవీ పడి ఉంటుంది, అడిగి చూడండి. పెట్టాక బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచి, ట్యూబ్‌లైట్ వెలుతురు తెర మీద పడకుండా, ఐదారడుగుల దూరం నుంచి కాల్చండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. గన్ను రెండో సాకెట్‌లో, మామూలు రిమోట్ మొదటి సాకెట్‌లో పెట్టి, ఒక్క బాతు వచ్చే "గేమ్ ఏ (A)" ఎంచుకోండి. రిమోట్ బాణాలతో బాతును మీరే తిప్పొచ్చు. ఒకరు కాల్చాలి, ఒకరు తప్పించాలి. రెండు బాతుల ఆటలో ఇది నడవదు.

"ట్యాంక్ గేమ్‌ల మనమే స్టేజీ తయారుజేసుకోవచ్చట. గ్రద్ద చుట్టూ తెల్ల గోడ కడితే ఇగ ఓడిపోమా?"
– అక్కాచెల్లెళ్లు, జగిత్యాల

బ్యాటిల్ సిటీ మొదటి తెరలో మూడో వరుస కన్‌స్ట్రక్షన్. సెలెక్ట్‌తో దాని మీదికి పోయి స్టార్ట్ కొట్టండి. మినుకుమనే ట్యాంక్‌ను బాణాలతో తిప్పండి. ఏ (A) నొక్కిన కొద్దీ ఆ గడిలో ఇటుక, తెల్ల ఇనుప గోడ, చెట్లు, నీళ్లు మారుతుంటాయి, బి నొక్కితే వెనక్కి వస్తాయి. ఒకే రకం గోడ వరుసగా కావాలంటే ఏ పట్టుకునే నడపండి. అయ్యాక స్టార్ట్, మొదటి తెర వస్తుంది, అక్కడ ఒకరి ఆటో ఇద్దరి ఆటో ఎంచుకుంటే మీ స్టేజీలోనే మొదలవుతుంది. ఆ ఒక్క స్టేజీకే. కరెంట్ తీస్తే అదీ ఉండదు.

శత్రు ట్యాంకులు తెల్ల గోడను పగలగొట్టలేవు, కాబట్టి మనం కాపాడాల్సిన గ్రద్ద వాటి నుంచి భద్రమే. ప్రమాదం మీ నుంచే. మూడు నక్షత్రాలు తీసుకున్న మీ ట్యాంక్ తెల్ల గోడనూ పగలగొడుతుంది, వెనక్కి తిరిగి కాల్చారో గ్రద్ద మీ చేతిలోనే పోతుంది. పార బొమ్మ కనబడితే తీసుకోకండి. మామూలు స్టేజీలో అది ఇటుక గోడను కాసేపు ఇనుము చేసి మళ్లీ ఇటుక చేస్తుంది. మీది ముందే ఇనుము, పార టైమ్ అయిపోగానే అది ఇటుకగా మిగులుతుంది! అక్క కట్టిన కోట చెల్లి పారతో పోయిందని కొట్లాడుకోవద్దు.

ఇంకో పొరపాటు, పైన శత్రువులు దిగే మూడు చోట్లను, అంటే ఎడమ, మధ్య, కుడిని ఇనుముతో మూసేయడం. అవి బయటికి రాలేవు, మీరూ వాటిని కొట్టలేరు. ఇరవై ట్యాంకులు చస్తే గాని స్టేజీ అయిపోదు. మీ ట్యాంకులు పుట్టే గ్రద్ద పక్కల గడులు కూడా ఖాళీగా వదలండి. బొమ్మలిచ్చే మెరుపు ట్యాంకులు ప్రతి స్టేజీలో 4వది, 11వది, 18వది, అవి వచ్చే వేళకు పైన సిద్ధంగా ఉండండి.

"ఫోన్ ఎమ్యులేటర్‌ల గేమ్ జీనీ కోడ్ అని అడుగుతుంది. అది కాంట్రా కోడ్ లెక్కనేనా?"
– పాలిటెక్నిక్ విద్యార్థి, వరంగల్

కాదు. కాంట్రా కోడ్ తయారు చేసినవాళ్లు లోపల పెట్టింది. గేమ్ జీనీ కోడ్ బయటి నుంచి గేమ్‌ను తప్పుగా చదివించేది. మొదట అది క్యాసెట్‌కు, మిషన్‌కు మధ్య తగిలించే పరికరం. మిషన్ ఫలానా చోట ఏముందని అడిగితే, క్యాసెట్‌లో ఉన్న బైట్‌కు బదులు మనం చెప్పిన బైట్ అందిస్తుంది. క్యాసెట్‌లో ఏమీ మారదు. దాని అమ్మకం ఆపించాలని నింటెండో కోర్టులో పోరాడింది, 1992లో అమెరికా అప్పీలు కోర్టు గేమ్ జీనీ తప్పేమీ లేదంది.

కోడ్‌లో ఆరు అక్షరాలు గాని ఎనిమిది గాని ఉంటాయి. మేరియోలో లైఫ్‌లు తగ్గకుండా చేసే కోడ్ చూడండి: ఎస్, ఎక్స్, ఐ, ఓ, పి, ఓ. దీన్ని విప్పితే గేమ్‌లో 91డీ9 (91D9) అన్న చోట "ఏడీ" (AD) పెట్టు అని వస్తుంది. అక్కడ అసలు ఉన్నది "సీఈ" (CE). ఈ మిషన్ భాషలో సీఈ అంటే "ఒకటి తగ్గించు", ఏడీ అంటే "చదువు". మేరియో చచ్చినప్పుడు గేమ్ లైఫ్‌ల లెక్కలోంచి ఒకటి తగ్గించాల్సిన చోట, ఊరికే చదివి ఊరుకుంటుంది. ఒక్క బైట్ మార్పు.

ఎమ్యులేటర్‌లో, అంటే ఫోన్‌ను పాత మిషన్‌లా నడిపించే యాప్‌లో గేమ్ తెరిచాక మెనూలో ఛీట్స్‌కు పోయి, కొత్తది అని నొక్కి ఈ అక్షరాలు ఖాళీలు లేకుండా రాసి, ఆన్ చేసి, గేమ్‌ను రీసెట్ చేయండి. చివరి అక్షరం ఓ, సున్నా కాదు. గేమ్ జీనీ అక్షరాల్లో అంకెలే ఉండవు. తెర బిగుసుకుపోయినా, రంగులు చెదిరినా మీ దగ్గరున్న గేమ్ వేరే కూర్పు అని అర్థం. ఎవరో మార్చిన మేరియోలో 91డీ9 దగ్గర ఇంకేదో ఆజ్ఞ ఉంటుంది, దాన్ని చెడగొట్టినట్టవుతుంది. ఎనిమిది అక్షరాల కోడ్‌లో ఈ బాధ తక్కువ, ముందు పాత బైట్ సరిచూసుకుని తర్వాతే మారుస్తుంది. ఒకేసారి ఐదారు కోడ్‌లు ఆన్ చేస్తే ఏది పాడుచేసిందో తేలదు, ఒక్కొక్కటే పెట్టి చూడండి.

"మా పిల్లగాడు యూట్యూబ్ల జూసి ఛీట్ కోడ్ యాప్ అని ఏదో ఫోన్ల ఎక్కించిండు. డైమండ్లు వస్తయట. ఏమన్న అయితదా?"
– సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

అది ఛీట్ కోడ్ కాదు. ఆన్‌లైన్ గేమ్‌లో డైమండ్ల లెక్క ఫోన్‌లో ఉండదు, కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఫోన్‌లో ఏ యాప్ వేసినా అది పెరగదు. పైగా గేమ్ ఖాతా మూసేయొచ్చు. అంతకన్నా పెద్ద భయం మీ బ్యాంకు ఖాతాకు.

ముందు ఆ యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి పోయి దాని పేరు ఆఫ్ చేసి, డివైస్ అడ్మిన్ యాప్స్‌లో ఉంటే అక్కడా ఆపి, తర్వాత తీయండి. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి ప్లే ప్రొటెక్ట్‌తో స్కాన్ చేయండి. సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి క్రోమ్, వాట్సాప్, ఫైల్స్ అన్నింటికీ ఆపేయండి, ఇక మీదట ప్లే స్టోర్ బయటి నుంచి ఏదీ ఎక్కదు. యూపీఐ పిన్ కూడా మార్చండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు కూడా చెప్పండి. తొలి గంటల్లో చెబితే ఆపే అవకాశం ఎక్కువ.

చిన్న ప్రశ్నలు

*మేరియోల జెండా పట్టినంక ఒక్కోసారి పటాకులు పేలుతయ్, ఒక్కోసారి పేలవు. ఎందుకు?* (ములుగు)
జెండా పట్టినప్పుడు టైమ్ చివరి అంకె 1 అయితే ఒకటి, 3 అయితే మూడు, 6 అయితే ఆరు పేలుతాయి. ఒక్కోదానికి 500 పాయింట్లు. వేరే అంకెకు ఏమీ ఉండదు.

*అన్నింటికన్నా తొందరగ మేరియో అయిపోగొట్టే దారి?* (మంచిర్యాల)
1-1, 1-2, 4-1, 4-2, 8-1 నుంచి 8-4. ఎనిమిదే స్టేజీలు. 1-2 చివర కప్పు ఎక్కి నడిచి మొదటి పైపులో దిగితే 4-1. 4-2లో ఒక ఇటుకలోంచి తీగ మొలుస్తుంది, కింది నుంచి అందదు. కనిపించని నాణేల పెట్టెల్ని తలతో గుద్ది మెట్లు చేసుకుని ఎక్కాలి. పైన మొదటి పైపు 8-1కి. కప్పు మీది నుంచి ముందుకు పోతే మాత్రం 5కే పోతారు.

*బాతుల గేమ్‌ల నవ్వే కుక్కను కాల్చే కోడ్ ఉందా?* (భూపాలపల్లి)
ఇంటి టీవీ గేమ్‌లో లేదు. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మిషన్ బోనస్ రౌండ్‌లో కుక్కకు తగిలించవచ్చు. తగిలిందా, ఆ రౌండ్ అక్కడితో సరి.

*సెగా క్యాసెట్‌ల సోనిక్ స్టేజీ ఎంచుకునుడు ఎట్ల?* (హుస్నాబాద్)
మొదటి సోనిక్‌కు: పేరు కనిపించే తెర మీద పైకి, కిందికి, ఎడమ, కుడి. రింగ్ దొరికినప్పటి గలగల వినిపించాలి. వినిపించకపోతే మళ్లీ కొట్టండి. వినిపించాక ఏ (A) నొక్కి పట్టుకుని స్టార్ట్ కొడితే స్టేజీల జాబితా వస్తుంది.